మోకాలి ఎత్తున గొళ్ళెం

సాంబమూర్తి రైల్వే గార్డుగా ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత ఆయన నిమిషం తప్పకుండా పాటించే టైంటేబుల్ ఒక్కటే మిగిలింది: 'నిశ్శబ్ద దళం' సీరియల్. రాత్రి వేసే వేళకి నిద్ర ఆగదు కాబట్టి మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకి మళ్ళీ వేసేది చూస్తాడు. అన్నం కంచం ఒళ్ళో పెట్టుకుని, టీవీకి మూడడుగుల దూరంలో కూర్చుని, గూఢచారులు తెలివితక్కువ పని చేసినప్పుడల్లా కంచం అంచు మీద వేలితో కొడతాడు.

హైమవతికి ఆ సీరియలంటే విసుగు. అందులో అందరూ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మేడల మీంచి దూకుతారు. ఆమె పదిహేడేళ్ళు అసలు గూఢచారుల మధ్య పనిచేసింది. వాళ్ళలో ఒక్కడు కూడా మేడ మీంచి దూకినవాడు లేడు. చాలామందికి కడుపులో మంట, కొందరికి నడుంనొప్పి, అందరికీ నిద్రలేమి. ఈ సంగతి భర్తకి చెప్పడానికి వీల్లేదు. ఆయనకి తెలిసినంతవరకూ ఆమె విశాఖపట్నంలో నిద్ర జబ్బుల పరిశోధన కేంద్రంలో డాక్టరుగా చేసి, నాలుగేళ్ళ కిందట రిటైరై, మల్కాజిగిరిలో ఈ రెండు గదుల ఫ్లాటుకి వచ్చి పడింది.

ఆ రోజు చారు గిన్నె పట్టుకుని వస్తూ హైమవతి టీవీ వైపు యథాలాపంగా చూసింది. చూసిన చోటే ఆగిపోయింది.

తెర మీద ఒక గది ఉంది. కిటికీ అద్దాలకి లోపలివైపు నీలం కాగితం అంటించి ఉంది. నులక మంచానికి ఒక కోడు లేదు, దాని చోట మూడు ఇటుకలు పేర్చారు. గోడ అలమరకి తలుపు లేదు, అందులో కిరసనాయిలు స్టవ్వు. కథానాయకుడు బయటికి వచ్చి తలుపు వేశాడు. గొళ్ళెం బయటివైపు ఉంది. అందరి తలుపులకీ ఉండే చోట కాదు, మోకాలి ఎత్తున. అతను వంగి దాన్ని బిగించాడు.

హైమవతి ఆ గదిని ఎప్పుడూ చూడలేదు. కానీ ఆమెకి ఆ గది తెలుసు. పందొమ్మిదేళ్ళ కిందట ఒక మనిషి ఆమె ఎదురుగా కూర్చుని ఇటుకలతో సహా దాన్ని వర్ణించాడు. వర్ణించిన సాయంత్రానికే మరిచిపోయాడు. మరిపించింది ఆమే.

"ఏమోయ్, చారు పోస్తావా, నిలబడి చూస్తావా? నీకు కూడా పట్టుకుందన్నమాట పిచ్చి," అన్నాడు సాంబమూర్తి సంతోషంగా.

ఆమె చారు పోసి, ఆయన పక్కనే కూర్చుని, సీరియల్ అయ్యేదాకా కదల్లేదు. చివర్లో పేర్లు పరుగెడుతుంటే కళ్ళు చికిలించి చదివింది. 'సెట్ నిర్మాణం: బి. జోగారావు'.

 ఆమెకి భయం వెంటనే రాలేదు. ఎప్పటికో మొయ్యడం మానేశాననుకున్న బరువు మళ్ళీ ఎవరో నెత్తికెత్తినట్టు అనిపించింది.

విశాఖలో కొండ మీద ఉన్న ఆ కేంద్రంలో జరిగిన పనికి లోపలివాళ్ళు పెట్టుకున్న పేరు 'ముద్ర'. మనిషి ఒక జ్ఞాపకాన్ని పూర్తిగా పైకి తెచ్చుకున్నప్పుడు అది తడి సిమెంటులా పచ్చిగా మారుతుందని, నాలుగైదు గంటల్లో మళ్ళీ గట్టిపడుతుందని హైమవతి కనిపెట్టింది. ఆ లోపల ఒక మాత్ర వేస్తే అది గట్టిపడదు. కరిగిపోతుంది. పరాయి దేశాల్లో పని ముగించుకొచ్చిన ఏజెంట్లకి అక్కడి నెలల్ని అలా చెరిపేసేవారు. పట్టుబడినా చెప్పడానికి ఏమీ ఉండదు, పీడకలలూ ఉండవు. మొదట్లో ఆమె దాన్ని వైద్యమనే నమ్మింది.

ఒక్కటే చిక్కు. మనసులో తలుచుకుంటే చాలదు, ప్రతి వివరం పైకి చెప్పాలి. చెప్పకుండా దాటేసింది అలాగే మిగిలిపోతుంది. అందుకని ఎదురుగా ఒకరు కూర్చుని గుచ్చిగుచ్చి అడగాలి. గోడ ఏ రంగు? తలుపు ఎటు తెరుచుకుంటుంది? అప్పుడు అతను ఏమన్నాడు? నువ్వేమన్నావు? రికార్డు చెయ్యకూడదు, రాసుకోకూడదు. వినాలి, అంతే. నలభై ఒక్కమంది చెప్పుకుని, మరిచిపోయి, తేలిగ్గా కొండ దిగి వెళ్ళిపోయారు. విన్నది మాత్రం ఆమెలోనే ఉండిపోయింది.

*

స్టూడియో ఊరి చివర ఉంది. రెండు బస్సులు మారి, గేటు దగ్గర సీరియలంటే పడిచచ్చే భర్త కోసం సెట్ చూడటానికి వచ్చానని అబద్ధం చెప్పి, హైమవతి లోపలికి వెళ్ళింది. ఆ గది ఒక పెద్ద రేకుల షెడ్డులో మూడు గోడలతో నిలబడి ఉంది. దాని ముందు చెక్కపొట్టులో కూర్చుని ఒక మనిషి రంపానికి పదును పెడుతున్నాడు. జుట్టు నెరిసింది, భుజాలు మాత్రం అలాగే ఉన్నాయి. విజయనగరం వడ్రంగుల కుర్రాడు. ఎక్కడైనా వడ్రంగి పనికి కుదురుకోగలడనే గూఢచారి సంస్థవాళ్ళు అతన్ని తీసుకున్నారు.

"ఏటమ్మా, ఎవులు గావాల?" అన్నాడు జోగారావు తలెత్తి. ఆ కళ్ళలో గుర్తింపు లేదు. ఉండకూడదు కూడా. అయినా ఆమెకి ఎక్కడో చివుక్కుమంది.

"ఈ గది మీరే కట్టారా?"

"నానే. బాగున్నాదా?"

"ఎవరైనా బొమ్మ గీసి ఇచ్చారా?"

అతను రంపం పక్కన పెట్టాడు. "అదే తమాసా అమ్మా. డైరెక్టరుగారు దాక్కునే గది ఒకటి గావాలన్నారు. బొమ్మ రేపిత్తానన్నారు. ఆ రేపొచ్చేలోగా నాను కట్టేసినాను. సేతులు ఆగలేదు. గొళ్ళెం లోపలుండాల గానీ బయటేటి, అంత కిందకేటి అని ఆయన కేకలేసినారు. మార్సమన్నారు. నాను మార్సలేదు. మార్సబోతే సేతులు వొణికినాయి."

"ఎందుకు?"

"తెల్దు." కాస్త ఆగి, కొత్తమనిషికి ఇంత చెప్పొచ్చా అన్నట్టు చూసి, మళ్ళీ అన్నాడు. "నాకు ఒకసారి ఓడ మీద దెబ్బ తగిలిందట. పద్నాలుగు నెలలు గుర్తు లేవు. అది పోతే పోనాది. కానీ మా ఇంట్లో ఏ తలుపుకీ గొళ్ళెం లేదమ్మా, అన్నీ నానే ఊడదీసినాను. ఎక్కడైనా గొళ్ళెం పడిన సప్పుడైతే ఏడుపొత్తాది. పెళ్ళిలో ఉన్నా సరే, బజార్లో ఉన్నా సరే. పిల్లలు నవ్వుతారు. డాక్టర్లు బిళ్ళలిచ్చినారు. ఏడుపొత్తాది, అంతే. ఎవులు సచ్చిపోనారని ఏడుత్తున్నానో తెలిస్తే బాగున్ను."

హైమవతి ఆ మంచం దగ్గరికి వెళ్ళింది. మూడు ఇటుకల్లో మధ్యది అడ్డంగా పగిలి ఉంది. అతను అది కూడా చెప్పాడు ఆ రోజు. ఆమె అడిగింది కాబట్టే చెప్పాడు.

తన పరిశోధనలో ఆమె ఎప్పుడూ పరీక్షించని సంగతి అక్కడ, ఆ షెడ్డులో, ఆమెకి అర్థమైంది. మాత్ర కథని మాత్రమే తీసేసింది. కథ పోయినా దాని బాధ అతనిలో అలాగే ఉంది. కారణం తెలియని దుఃఖం వల్ల పందొమ్మిదేళ్ళు నలిగాడు. తెలిసిన దుఃఖమైతే ఈపాటికి ఎంతో కొంత తగ్గేది.

"మీరు అలసిపోయినట్టున్నారు, కూసోండి," అన్నాడు జోగారావు, ఒక పీట తుడిచి ఇస్తూ.

*

రెండు రోజుల తర్వాత చక్రపాణి ఇంటికి వచ్చాడు. ఒకప్పుడు ఆ సంస్థలో ఆపరేషన్లన్నీ ఆయన చేతిమీదుగా నడిచేవి. ఇప్పుడు డెబ్బై దాటాయి, సలహాదారు అంటారు. చేతిలో బత్తాయిల సంచీ ఉంది. పాత సహోద్యోగినని చెప్పుకున్నాడు.

సాంబమూర్తి మర్యాదగా కుర్చీ వేసి, టీవీ గొంతు తగ్గించాడు. "మీరు ఈ సీరియల్ చూస్తారా? నిజం గూఢచారులు ఇలాగే ఉంటారంటారా?"

"నాకేం తెలుస్తుందండీ, ఆఫీసు గుమాస్తాని," అన్నాడు చక్రపాణి నవ్వి.

సాంబమూర్తి పాల ప్యాకెట్టు కోసం కిందికి దిగగానే ఆ నవ్వు పోయింది.

"ఆ గది కుదిర్చింది నేను. నేను కాక అది తెలిసినవాళ్ళు మనవైపు ఇద్దరే. ఒకరికి మరిపించాం. రెండోవారు మీరు."

"నేనెవరికీ చెప్పలేదు. అతని చేతులే కట్టాయి. నా మందు మాటల వరకే పనిచేసింది. వెళ్ళి చూడండి, అర్థమవుతుంది."

చక్రపాణి చాలాసేపు బత్తాయిల వైపు చూశాడు. ఆయన కూడా ముసలివాడైపోయాడని హైమవతి గమనించింది. "నమ్ముతాను. సీరియల్ వాళ్ళతో మాట్లాడాం, ఆ భాగం మళ్ళీ వెయ్యరు. జోగారావుకి మళ్ళీ చేస్తాం. మూడో తారీఖున చెకప్ అని పిలిపించాం. మీరు కూడా ఒకసారి కొండ మీదికి రావాలి."

"అతనికి చెయ్యడానికా?"

"కాదు. మీకు చెయ్యడానికి."

ఆమె బత్తాయిల సంచీని పక్కకి జరిపింది.

"నలభై ఒక్కమందివి, హైమవతిగారూ. ఎవరికి మాత్రం బరువు కాదు? కొత్త డాక్టరు ఉంది, మృదుల అని. నాలుగు రోజుల పని. హాయిగా తిరిగొచ్చి మీ ఆయనతో సీరియల్ చూసుకోండి."

ఆశ ఎంత బలమైనదో ఆమెకి ఆ క్షణంలో తెలిసింది. నలభై ఒక్కమంది గొంతులు ఆగిపోతాయి. కూరగాయల బండి దగ్గర నిలబడ్డప్పుడు ఎవరిదో ఆఖరి కేక గుర్తురాదు. ఏడుపొచ్చేంత ఆశ కలిగింది.

"ఆ గదిలో ఉండిపోయిన దావీదు ఇంటివాళ్ళకి పెన్షన్ ఇచ్చారా?" అని అడిగింది.

చక్రపాణి ముఖం తిప్పుకున్నాడు. "ఆ ఫైలు మూసేశాం."

"కాగితాలు శత్రువులకి అమ్మేసి పారిపోయాడని రాసి మూసేశారు."

"అప్పట్లో అలా రాయక తప్పలేదు. మనవాణ్ణి మనమే వదిలేసి వచ్చామని రాస్తే ఆ తర్వాత మన కోసం ఎవడు పనిచేస్తాడు?" అని లేచాడు. "ఐదో తారీఖుకి రండి. టికెట్టు పంపిస్తాను."

సాంబమూర్తి పాలతో వచ్చేసరికి ఆయన మెట్లు దిగుతున్నాడు.

*

ఐదో తారీఖు ఉదయం కొండ మీద గాలి ఎప్పటిలాగే ఉప్పగా వీచింది. గది మారలేదు. ఎదురెదురుగా రెండు కుర్చీలు, మధ్య బల్ల, బల్ల మీద మూతపెట్టిన నీళ్ళ గ్లాసు, చిన్న గిన్నెలో తెల్ల మాత్ర. ఇన్నేళ్ళలో హైమవతి మొదటిసారి తలుపుకి ఎదురుగా ఉన్న కుర్చీలో, చెప్పేవాళ్ళ కుర్చీలో కూర్చుంది.

మృదులకి ముప్పై కూడా ఉండవు. "మేడమ్, నేను మీ పరిశోధనలన్నీ చదివాను," అంది సిగ్గుపడుతూ. తర్వాత పద్ధతి ప్రకారం చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "మొదట్నుంచి చెప్పండి. ఏదీ వదలొద్దు."

హైమవతి మొదటి మనిషితో మొదలుపెట్టింది. అతను ఒక వంతెన కింద తన స్నేహితుణ్ణి ఏం చేశాడో చెప్పింది. మృదుల అడగవలసిన ప్రశ్నలే అడిగింది. నీళ్ళు ఎంత లోతు? అతను ఏమైనా అన్నాడా? అన్నాడని చెప్పి, అన్న మాట చెప్పింది హైమవతి. మృదుల కుడిచేత్తో కుర్చీ అంచు పట్టుకుంది. వేళ్ళు తెల్లబడ్డాయి. ముఖం మాత్రం అలాగే ఉంది, ప్రశాంతంగా, చదువుకున్న పద్ధతిలో.

హైమవతి ఆగిపోయింది.

"నీకు పిల్లలున్నారా అమ్మా?"

"అలాంటివి మాట్లాడకూడదు మేడమ్." కాసేపాగి అంది, "పాప. ఏడు నెలలు."

"ఇది నేను విన్నప్పుడు నాకు నలభై మూడు. ఆ తర్వాత ఏ వంతెన కింద నుంచీ నేను మామూలుగా వెళ్ళలేదు. ఇప్పుడు నువ్వూ వెళ్ళలేవు. నన్ను క్షమించు."

"ఇంకా నలభై ఉన్నాయి కదా మేడమ్," అంది మృదుల. ఆ గొంతులో భయం దాగలేదు.

"ఉన్నాయి. అవి నా దగ్గరే ఉండనీ." హైమవతి మాత్ర గిన్నెని పక్కకి జరిపి లేచింది. "జోగారావుకి ఎప్పుడు చేస్తున్నావు?"

"మూడునే వచ్చారు. మీది అయ్యాకే మొదలుపెట్టమన్నారు."

జోగారావు వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. "మీరా అమ్మా! మీకూ సెకప్పేనా?"

"అయిపోయింది. మీకూ అక్కర్లేదు. నాతో రండి, మీకు ఒక సంగతి చెప్పాలి. అది విన్నాక తిరిగి రావాలనిపిస్తే రండి, నేను ఆపను."

గేటు దగ్గర కాపలావాడు ఆమెని గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. పదిహేడేళ్ళు చూసిన డాక్టరమ్మని ఆపాలని అతనికి తోచలేదు.

*

రైల్వే స్టేషన్ వెయిటింగ్ హాల్లో, పిల్లల ఏడుపుల మధ్య, ఆమె అతనికి అతని కథ చెప్పింది.

"మీకు తగిలింది ఓడ మీద దెబ్బ కాదు. మీరు సరిహద్దు అవతల ఒక రేవు పట్నంలో వడ్రంగి వేషంలో పద్నాలుగు నెలలు ఉన్నారు. దావీదు అనే ఆయన మీకు సాయం చేశాడు. ఇంటిపేరు గెడ్డం, బందరు మనిషి, ఓడల్లో ఎలక్ట్రీషియను. మనకి కావలసిన రహస్య కాగితాలు సంపాదించింది ఆయనే. తెచ్చేటప్పుడు కాలికి తూటా తగిలింది. మీరిద్దరూ ఆ నీలం కాగితాల గదిలో దాక్కున్నారు. నాలుగో రోజున వైర్లెస్‌లో ఆజ్ఞ వచ్చింది, నడవలేనివాణ్ణి వదిలేసి కాగితాలతో రమ్మని. తలుపు బయటనుంచి బిగించి రమ్మని. బయట గొళ్ళెం చూసి ఖాళీ గది అనుకుని వెతికేవాళ్ళు ముందుకి పోతే మీకు కొంత సమయం దొరుకుతుందని."

జోగారావు ఆమె నోటివైపే చూస్తున్నాడు.

"పై గొళ్ళెం తుప్పుపట్టి విరిగిపోయింది. కింద ఇంకోటి ఉంది. మీరు వంగి దాన్ని బిగించారు."

"అతగాడు నిద్రోతన్నాడా?" అన్నాడు జోగారావు. నిద్రలో ఉన్నాడని చెప్పమని బతిమాలుతున్నట్టుగా ఉంది ఆ అడగడం.

ఆమె అబద్ధం చెప్పగలిగేది. ఆమెకి తప్ప ప్రపంచంలో ఎవరికీ తెలియదు.

"లేదు. తలుపెందుకు బిగిస్తున్నావన్నా అని అడిగాడు. నీళ్ళు తెస్తాను అన్నారు మీరు. తొందరగా రా అన్నాడు."

జోగారావు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. రైళ్ళు వచ్చిపోయాయి. చివరికి అన్నాడు, "గుర్తు రాటంలేదమ్మా. మీరు సెప్పింది సీరియల్ కథలాగే ఉన్నాది. నాను సేసినానని నమ్ముతున్నాను. గుర్తు మాత్రం రాటంలేదు. అదింకా పెద్ద పాపం కాదేటి?"

"మీకు తిరిగి ఇచ్చే మందు నా దగ్గర లేదు. విన్నది చెప్పగలను, అంతే."

"తర్వాత అతగాడేటయ్యాడు?"

"రెండేళ్ళ తర్వాత ఇంకో ఏజెంటు నా దగ్గరికి వచ్చాడు. అతనికి మీరెవరో తెలియదు. ఆ ఊరి జైల్లో పనిచేసేవాడి నుంచి విన్నాడట. నీలం గదిలో దొరికిన మనిషి ఎన్ని చేసినా ఒక్క పేరు చెప్పలేదని, తొమ్మిదో రోజున చనిపోయాడని. అతనూ మరిచిపోయాడు. ఈ రెండు ముక్కలూ కలిపి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. బందరులో ఆయనకి భార్యా కూతురూ ఉన్నారు. నేను వెళ్తున్నాను."

"నానూ వొత్తాను," అన్నాడు జోగారావు.

రైలెక్కే ముందు ఆమె ఇంటికి ఫోన్ చేసింది. "బందరు వెళ్తున్నానండీ. ఎందుకో వచ్చాక చెప్తాను. ఈసారి నిజం చెప్తాను. మన పెన్షన్ పోవచ్చు, నా మీద కేసు కూడా పెట్టొచ్చు."

అవతల సీరియల్ గొంతు వినిపిస్తోంది. అది టక్కున ఆగింది.  "బీపీ మాత్రలు తీసుకెళ్ళావా?" అన్నాడు సాంబమూర్తి.

*

బందరులో చిలకలపూడి వైపు ఒక సన్న వీధిలో, వాకిలి అరుగు మీదే చిన్న మంట గొట్టం పెట్టుకుని, గిల్టు గొలుసులకి కొక్కేలు అతుకుతోంది ఒక అమ్మాయి. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. పేరు సువార్త. వేళ్ళ చివర్లు కాలి నల్లబడ్డాయి.

"మీ నాన్నగారి గురించి మాట్లాడాలి," అంది హైమవతి.

సువార్త మంట ఆర్పలేదు. "మళ్ళీ ఎంక్వైరీయా? మాకు ఆయన దగ్గర్నుంచి ఉత్తరం లేదండీ, డబ్బు లేదండీ, ఏవీ రాలేదు. చిన్నప్పట్నుంచీ చెప్తానే ఉన్నాం."

"ఎంక్వైరీ కాదమ్మా. ఆయన పారిపోలేదు. ఎవరికీ ఏమీ అమ్మలేదు. మీ అమ్మగారిని కూడా పిలువు, ఇద్దరికీ చెప్తాను."

ఇప్పుడు మంట ఆరింది.

"మా అమ్మ పోయి రెండేళ్ళయింది," అంది సువార్త. "దేశద్రోహి పెళ్ళామని ఈ వీధిలో చివరిదాకా పిలిపించుకుని పోయింది. మీరు రావాల్సింది అప్పుడు."

 హైమవతి అరుగు అంచున కూర్చుంది. పక్కనే జోగారావు నేలమీద చతికిలబడ్డాడు. ఆమె గొంతు తగ్గించి మొదలుపెట్టబోతే సువార్త చెయ్యెత్తి ఆపింది.

"ఆగండి. నా చెవిలో చెప్తే ఏం లాభం? మా అమ్మని అన్నది నేను కాదుగా. వీధికి చెప్పండి."

తనే వెళ్ళి నాలుగిళ్ళ తలుపులు కొట్టింది. చేస్తున్న గొలుసులు చేతిలో పట్టుకునే ఆడవాళ్ళు వచ్చారు. చర్చి పెద్ద గాబ్రియేలు కర్ర పట్టుకుని వచ్చాడు. పదిహేను మంది దాకా పోగయ్యారు. సువార్త లోపల్నుంచి ఒక నోటుపుస్తకం తెచ్చి, అరుగు మీద కూర్చుని, పెన్ను తీసింది.

పదిహేడేళ్ళు తలుపులు మూసిన గదిలో విన్న మాటల్ని హైమవతి పొద్దుటి ఎండలో, నడివీధిలో, అందరికీ వినిపించేలా చెప్పింది. కాగితాలు, తూటా, నీలం గది, ఆజ్ఞ. గొళ్ళెం దగ్గరికి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, అదీ చెప్పింది. నీళ్ళు తెస్తానన్న మాట చెప్పింది. తొందరగా రా అన్న మాట చెప్పింది. తొమ్మిది రోజులూ, చెప్పని పేర్లూ చెప్పింది.

సువార్త రాస్తూనే ఉంది. తొందరగా రా దగ్గర పెన్ను ఒకసారి నిలిచి మళ్ళీ కదిలింది.

గాబ్రియేలు గొంతు సవరించుకున్నాడు. "నీకు ఇంత తెలుసు కదమ్మా. ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు?"

ప్రమాణం చేశానని చెప్పొచ్చు. దేశ రక్షణ అని చెప్పొచ్చు. ఆ మాటలు ఆమె నోటిదాకా వచ్చాయి.

"భయపడ్డానండీ," అంది. "ఉద్యోగం పోతుందని భయపడ్డాను. తర్వాత అలవాటైపోయింది."

 ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. సువార్త తల్లి కరుణమ్మని పంపు దగ్గర నీళ్ళు పట్టుకోనివ్వకుండా తరిమింది తనేనని ఆవిడకి గుర్తొచ్చి ఉంటుంది.

సువార్త జోగారావు వైపు తిరిగింది. "తలుపు బిగించింది మీరేనా?"

"నానేనంటమ్మా."

"అంట ఏంటి?"

"నాకు గుర్తు లేదు. ఈ అమ్మ సెప్పింది."

"మా నాన్న మొహం?"

అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె అతన్ని కొడుతుందేమోనని హైమవతి అనుకుంది. కొట్టినా అతను కదలడు. కానీ సువార్త కళ్ళు తుడుచుకుని, పుస్తకం హైమవతి ముందు పెట్టింది.

"కింద సంతకం పెట్టండి. పేరు, చేసిన ఉద్యోగం, అడ్రసు, అన్నీ పూర్తిగా రాయండి. కోర్టుకైనా, ఢిల్లీకైనా వెళ్తాను."

హైమవతి రాసింది. కొండ మీద కేంద్రం అసలు పేరు జీవితంలో మొదటిసారి కాగితం మీద పెట్టింది.  అలసట అలాగే ఉంది, ఒక్క చుక్క తగ్గలేదు. అయినా పెన్ను ఎక్కడా ఆగలేదు.

పుస్తకం జోగారావు ముందుకి జరిగింది.

"నాకు గుర్తు లేనిదానికి నానెలా సాచ్చికం సెప్పేదమ్మా?" అన్నాడు అతను.

"మీరు అక్కడ ఉన్నారా, లేరా?"

"ఉన్నాను."

"అదే రాయండి. మీకు గుర్తు లేదనీ రాయండి. రెండూ నిజమే కదా."

జోగారావు పెన్నుని ఉలి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఒక్కో అక్షరం దిద్దుతూ రెండు వాక్యాలు రాయడానికి చాలాసేపు పట్టింది. 'నాకు గుర్తు లేదు. నేను అక్కడ ఉన్నాను.' కింద పేరు రాశాడు.

సువార్త కాగితాలు చింపి, మడిచి, చదివి చూసుకుని, మళ్ళీ మడిచింది. "రిజిస్టరు పోస్టు మూడింటి దాకానే తీసుకుంటారు," అని చెప్పులు వేసుకుంది. గాబ్రియేలు కర్ర ఊతంగా లేచి, ఎవరూ అడక్కుండానే ఆమె వెనకాల నడిచాడు. తర్వాత ఇంకో ఇద్దరు.